నల్ల టేపు

ఆ అతుకు నాదే.
ఎంత దూరాన్నుంచైనా పోల్చుకుంటాను,
తన చారుని వాసనతో పోల్చుకునే వంటావిడలా:
తీగ మీద నాలుగు చుట్లు, ఐదోది కొంచెం వదులుగా,
చివర పంటితో తెంపిన గుర్తు.

రాయగడ బైపాసులో కంపెనీ షెడ్డు.
నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు, అంత నున్నగా ఉంది.
చెప్పులు బయట విడవాలేమో అనుకున్నాం, నేనూ దండాసీ.
అతని బండి లిఫ్టు మీద పొట్ట చూపించుకుంటూ ఉంది.
కొని పదకొండు నెలలైన పికప్పు.
లక్ష్మీపూర్ ఘాటీ సగం ఎక్కాక
ఊపిరందక ఆగిపోయింది,
ముప్పై రెండు బస్తాల అల్లంతో.

టర్బో పోయిందన్నారు.
ఖరీదు చెప్పినప్పుడు దండాసి
తలకున్న తువ్వాలు విప్పి, దులిపి, మళ్లీ కట్టుకున్నాడు.

"ఏ తార్ కియే కాటిచి?"
ఈ తీగ కోసిందెవరు?
అడిగినాయన చొక్కా మీద పేరుంది, నిరాకార్ బెహరా.
పేరుకి ఆకారం లేదు గానీ
చేతిలో నాలుగు పేజీల ఫారం ఉంది.

నేనే, అన్నాను. తెలుగులో అన్నాను,
తర్వాత ఒడియాలో అన్నాను,
రెండింట్లోనూ అది ఒకే నేరంలా వినిపించింది.

పుష్యమాసం మంచు మీకు తెలీనిదా బాబూ,
కంపెనీ లైటు అందులోకెళ్లి
పాలలో పడ్డ చెంచాలా తెల్లబోతుంది.
ముందున్న మలుపు కనిపించదు,
వెనకున్న అప్పు మాత్రం కనిపిస్తుంది.
అందుకని రెండు పసుపు దీపాలు పెట్టాం.
దీపానికీ టర్బోకీ ఏటి సంబంధం?
చెవి కుట్టించుకుంది గదాని
కడుపునొప్పికి మందివ్వనంటారా?

నిరాకార్ బాబు నవ్వలేదు.
కోప్పడలేదు కూడా.
టార్చి పట్టుకుని నా తీగ వెంబడే నడిచాడు,
బ్యాటరీ నుంచి స్విచ్చుకి, స్విచ్చు నుంచి దీపానికి,
ఏరు ఎక్కడ పుట్టిందో వెతికేవాడిలా, వేలితో.
రిలే పెట్టలేదేం?
మూడొందలు, అన్నాను.
ఆ మూడొందలు వద్దన్నదెవరో చెప్పలేదు.
దండాసి గోడ మీది కేలండరు చదువుతున్నాడు.

దీపాల వల్ల టర్బో పోలేదు, అని రాశాడాయన.
నిజంగానే రాశాడు.
వైరింగు వరకే వారంటీ పోయింది, మిగతాది ఉంది.
నా ఛాతీలో ఏదో ఫ్యూజు మళ్లీ కలిసింది.
టార్చి మాత్రం ఆయన ఇంకా ఆర్పలేదు.

వెలుతురు వెళ్లి వెనక చక్రాల పైన ఆగింది.
కంపెనీ ఇచ్చిన కమాను పట్టీలు ఐదు.
అక్కడ ఏడున్నాయి.
రెండు కొత్తవి, పార్వతీపురం కొలిమి నలుపు ఇంకా పోనివి.
వాటి సంగతి నాకూ చెప్పలేదు దండాసి.
టన్నున్నర మోసే బండికి
రెండున్నర మోసే దమ్ము వస్తుందని
ఎవరో చెప్పుంటారు.
నడుముకొచ్చింది.
ఊపిరికి రాలేదు.

కేసు భువనేశ్వర్ వెళ్లాలి, ఇరవై రోజులు పడుతుంది.
అల్లానికి ఇరవై రోజుల్లేవు.
దండాసి నోరు తెరిచి "కిస్తీ" అన్నాడు,
ఆ ఒక్క మాటా అని మూసేశాడు.
అతని మీద నాకు కోపం రావాలి.
మూడొందల రిలే గుర్తొచ్చి రాలేదు.

సాయంత్రం గేటు బయట టీ బండి దగ్గర
నిరాకార్ బాబు వచ్చి నా పక్కన నించున్నాడు,
కాలరు బొత్తం విప్పుకుని, గొంతు తగ్గించి,
ఈసారి తెలుగులో:
కొల్నారా నుంచి తెల్లారకుండా బయల్దేరతాను, బైకు మీద.
ఆ పసుపు దీపాలు... ఎంతవుద్ది?

బైకు కొని ఎన్నాళ్లయింది?
ఏడు నెలలు.
మరి వారంటీ?

ఆయన గ్లాసు అడుగున మిగిలిన పొడి చూసుకున్నాడు.
రోడ్డుకవతల కొండ నడుము దాకా లేదప్పటికే,
మంచు తినేసింది.

రిలేతోనే వేస్తాను, అన్నాను.